నడవని టెస్టు కూడా పచ్చగానే కనిపిస్తుంది

బెంగళూరులో జావా ఉద్యోగంలో కొత్తగా చేరిన తెలుగువాళ్లలో చాలామందికి మొదట్లోనే తగిలే ఇబ్బంది ఒకటుంది. కాలేజీలోనూ, ఆ తర్వాత మారతహళ్లిలో తీసుకున్న కోచింగ్‌లోనూ టెస్టు నడపడమంటే ఎక్లిప్స్‌లోనో ఇంటెలిజేలోనో ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి రన్ నొక్కడమే, పచ్చ గీత వస్తే పనైపోయినట్టే. ఆఫీసుకొచ్చాక ఒక లైనక్స్ సర్వర్‌కి లాగిన్ ఇస్తారు. అక్కడ ఎక్లిప్స్ లాంటి ఐడీఈ ఉండదు, బటన్ ఉండదు, టెర్మినల్ ఒక్కటే ఉంటుంది, "టెస్టులు రన్ చేసి లాగ్ పంపు" అని లీడ్ నుంచి మెసేజ్ వస్తుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

కొత్తగా నేర్చుకోవాల్సింది మాత్రం అనుకున్నంత లేదు. ఇన్నాళ్లూ ఆ బటన్ వెనకాల జరిగిపోతున్న పనులే ఇవి, ఇప్పుడు ఒక్కొక్కటిగా మన చేత్తో చెయ్యాలి, అంతే. ఆ పని చేస్తున్నప్పుడు తెలిసొచ్చే విషయం ఒకటుంది, అది ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది: ఫెయిలైన టెస్టు వల్ల పెద్ద నష్టం లేదు, ఎర్రగా కనపడుతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. నష్టమంతా అసలు నడవని టెస్టుతోనే, ఎందుకంటే దానికి కూడా చాలా టూల్స్ "అంతా ఓకే" అనే చెబుతాయి.

ఒక చిన్న ఉదాహరణ పెట్టుకుందాం. బీటీఎం లేఔట్‌లో పీజీ హాస్టల్ నడిపేవాళ్లకి అద్దె లెక్క కట్టే ప్రోగ్రామ్. నెలకి 9000 రూపాయలు, 30 రోజుల నెలలో 16వ తేదీన చేరితే 15 రోజులకి 4500 కట్టాలి. లెక్క వేసే క్లాసు పేరు పీజీరెంట్, దాన్ని పరీక్షించే క్లాసు పీజీరెంట్‌టెస్ట్, రెండూ హాస్టల్ అనే ప్యాకేజీలో ఉన్నాయి. అసలు కోడ్ సోర్స్ ఫోల్డర్‌లో, టెస్టు కోడ్ టెస్ట్ ఫోల్డర్‌లో, జేయూనిట్ (జావాలో టెస్టులు రాసి నడపడానికి వాడే టూల్, ఇక్కడ వెర్షన్ 4) జార్ ఫైళ్లు లిబ్‌లో, కంపైలయ్యాక వచ్చే క్లాస్ ఫైళ్లు అవుట్‌లో ఉంటాయనుకోండి. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాసినా టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే అని వేరే చెప్పక్కర్లేదు.

మొదటి కమాండ్ అసలు కోడ్ కోసం: జావాసీ -డీ అవుట్ సోర్స్/హాస్టల్/పీజీరెంట్.జావా. రెండోది టెస్టు కోడ్ కోసం, దీనికి అసలు క్లాసూ కనపడాలి, జేయూనిట్ కూడా కనపడాలి కాబట్టి క్లాస్ పాత్, అంటే క్లాసుల్ని ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే జాబితా, ఇవ్వాలి: జావాసీ -డీ అవుట్ -సీపీ "అవుట్:లిబ్/*" టెస్ట్/హాస్టల్/పీజీరెంట్‌టెస్ట్.జావా. మూడోది నడపడానికి: జావా -సీపీ "అవుట్:లిబ్/*" ఓఆర్‌జీ.జేయూనిట్.రన్నర్.జేయూనిట్‌కోర్ హాస్టల్.పీజీరెంట్‌టెస్ట్. ఇంతే. ఫైళ్లు ఎక్కువైతే వాటి పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తెచ్చుకుని, ఆ ఫైలు పేరుకి ముందు @ గుర్తు పెట్టి జావాసీకి ఇస్తే సరిపోతుంది. పెద్ద ప్రాజెక్టుల్లో టెస్టు క్లాసులకి వేరే అవుట్ ఫోల్డర్ పెట్టడం మంచిది, లేకపోతే అవి కస్టమర్‌కి పంపే జార్‌లోకి కూడా వెళ్లిపోతాయి.

మూడో కమాండ్‌ని ఇంకోసారి చూడండి. అక్కడ నడుస్తున్న ప్రోగ్రామ్ పేరు జేయూనిట్‌కోర్, మీ టెస్టు క్లాసు పేరు దానికి ఇచ్చిన ఆర్గ్యుమెంట్ మాత్రమే. అంటే టెస్ట్ రన్నర్ అనేది మెయిన్ మెథడ్ ఉన్న ఒక మామూలు జావా క్లాసు, అందులో వేరే మాయ ఏమీ లేదు. కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కూర్చుని మొదటి జేయూనిట్ రాసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన జేయూనిట్ 3లో కూడా కిటికీలతో పనిచేసే రన్నర్లకి తోడు టెర్మినల్‌లో నడిచే రన్నర్ ఉండేది. కాబట్టి కమాండ్ లైన్‌లో టెస్టు నడపడం ఐడీఈ లేనప్పుడు పడే తిప్పలేమీ కాదు, మొదటినుంచీ ఉన్న దారే. నడిపితే ఒక్కో టెస్టుకి ఒక్కో చుక్క పడుతుంది, ఫెయిలైతే ఆ చుక్క పక్కన E అనే ఇంగ్లీషు అక్షరం వస్తుంది, అన్నీ పాసైతే చివర్లో ఓకే అనీ ఎన్ని టెస్టులు నడిచాయో ఆ అంకె బ్రాకెట్లలో ఉంటుంది. ఆ అంకెని చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

ఇప్పుడు క్లాస్ పాత్. టెర్మినల్‌లో టెస్టులతో కుస్తీపడే సమయంలో ఎక్కువ భాగం దీనికే పోతుంది, కోడ్‌లో తప్పేమీ ఉండదు, జావాకి ఎక్కడ వెతకాలో మనం సరిగ్గా చెప్పి ఉండం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటుంది, సర్వర్‌లో లైనక్స్. విండోస్‌లో క్లాస్ పాత్ ముక్కల మధ్య సెమీకోలన్ పెట్టాలి, లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ కోలన్. విండోస్‌లో పనిచేసిన కమాండ్‌ని కోట్స్ లేకుండా లైనక్స్‌లో పేస్ట్ చేస్తే, సెమీకోలన్ దగ్గర కమాండ్ అయిపోయిందని షెల్ (టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లని చదివి నడిపేది) అనుకుంటుంది, మొదటి సగాన్ని జావాసీకి ఇస్తుంది, మిగతా సగాన్ని వేరే కమాండ్‌గా నడపబోతుంది. అప్పుడు జావాసీ ఏమో సోర్స్ ఫైళ్లు ఇవ్వలేదంటుంది, ఆ కిందనే జార్ ఫైలు పేరు చెప్పి పర్మిషన్ లేదని ఇంకో ఎర్రర్ వస్తుంది. ఆ రెండో ఎర్రర్ చూసి జార్ ఫైల్‌కి పర్మిషన్లు మారుస్తూ కూర్చుంటే గంటలు గడిచిపోతాయి. తప్పంతా ఆ ఒక్క గుర్తులో ఉంది.

తిరగేసి చేస్తే ఇంకా కష్టం. విండోస్‌లో కోలన్ పెడితే మొత్తాన్నీ కలిపి ఒకే దారి అనుకుంటుంది, అలాంటి ఫోల్డర్ లేకపోయినా జావా నోరు మెదపదు, ఎందుకంటే క్లాస్ పాత్‌లో లేని ఫోల్డర్లని, లేని జార్లని అది పట్టించుకోకుండా దాటిపోతుంది. లిబ్ అని రాయాల్సినచోట లిబ్స్ అని రాసినా అంతే. కంపైల్ చేసేటప్పుడు -ఎక్స్‌లింట్:పాత్ అనే ఆప్షన్ ఇస్తే మాత్రం లేని దారుల గురించి జావాసీ హెచ్చరిస్తుంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసుండాల్సిన ఆప్షన్.

స్టార్ గుర్తు గురించి కూడా కొంచెం ఆగి చెప్పుకోవాలి. లిబ్/* అని రాస్తే ఆ ఫోల్డర్‌లోని జార్‌లన్నీ అని అర్థం, జావా 6 నుంచి ఈ వెసులుబాటు ఉంది, జార్‌లకి మాత్రమే, విడి క్లాస్ ఫైళ్లకి వర్తించదు. కానీ ఆ స్టార్‌ని అర్థం చేసుకోవాల్సింది జావా, షెల్ కాదు, అందుకే కోట్స్. కోట్స్ లేకుండా -సీపీ లిబ్/* అని కొడితే షెల్ ముందే దాన్ని విడదీసి జార్ పేర్లన్నీ వరసగా పెడుతుంది. అక్షర క్రమంలో ముందొచ్చే, జేయూనిట్‌కి తోడుగా కావాల్సిన హామ్‌క్రెస్ట్ జార్ ఒక్కటే క్లాస్ పాత్ అవుతుంది, తర్వాత వచ్చే జేయూనిట్ జార్ పేరుని నడపాల్సిన మెయిన్ క్లాసు అనుకుని, అలాంటి మెయిన్ క్లాసు దొరకలేదని జావా ఎర్రర్ ఇస్తుంది. అదే అవుట్:లిబ్/* అని కోట్స్ లేకుండా రాస్తే బ్యాష్‌లో పనిచేసేస్తుంది, ఆ పేరుతో ఫైళ్లేవీ కనపడక షెల్ దాన్ని ఉన్నదున్నట్టు జావాకి ఇచ్చేస్తుంది కాబట్టి. మ్యాక్‌లో ఉండే జెడ్‌షెల్‌లో అదే కమాండ్ మొదట్లోనే ఆగిపోతుంది. "నా దగ్గర వర్క్ అవుతోంది, నీ దగ్గరెందుకు అవ్వట్లేదు" అనే గొడవల్లో కొన్ని ఇక్కడే పుడతాయి.

ఇంకో రెండు సంగతులు. -సీపీ ఇవ్వనప్పుడు, ఎన్విరాన్‌మెంట్‌లో కూడా క్లాస్‌పాత్ పెట్టనప్పుడు మాత్రమే జావా తనంతట తాను ఇప్పుడున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. -సీపీ ఇచ్చిన మరుక్షణం ఆ సౌకర్యం పోతుంది, కావాలంటే ఇప్పుడున్న ఫోల్డర్ అని చెప్పే చుక్కని మనమే చేర్చాలి. అలాగే జావా -జార్ అని నడిపితే పక్కన ఇచ్చిన -సీపీని అస్సలు లెక్కలోకి తీసుకోదు, ఈ మాట కింద మళ్లీ అవసరమవుతుంది.

ఎర్రర్ ఎప్పుడు వచ్చిందో చూస్తే సగం కారణం తెలిసిపోతుంది. ఓఆర్‌జీ.జేయూనిట్ ప్యాకేజీ లేదు అని వస్తే అది కంపైల్ సమయం, జావాసీకి ఇచ్చిన క్లాస్ పాత్‌లో జార్ లేదు. కంపైలయ్యి, నడిపేటప్పుడు నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్ అని వస్తే జావా కమాండ్‌కి ఇచ్చిన క్లాస్ పాత్‌లో లోటుంది. అందులో హామ్‌క్రెస్ట్ పేరు కనపడితే ఇంకేమీ వెతకొద్దు: జేయూనిట్ 4.10 వరకు హామ్‌క్రెస్ట్ క్లాసులు జేయూనిట్ జార్ లోపలే ఉండేవి, 4.11 నుంచి బయటికి తీసేశారు, కాబట్టి హామ్‌క్రెస్ట్ కోర్ 1.3 జార్‌ని వేరుగా తెచ్చి లిబ్‌లో పెట్టాలి. పాత నోట్సులో ఒక్క జార్ చాలని రాసి ఉంటుంది, అది అప్పటికి నిజమే. ఇక రాంగ్ నేమ్ అనే మాటతో, వెనకాల ప్యాకేజీ పేరుతో సహా ఎర్రర్ వస్తే మీరు హాస్టల్ ఫోల్డర్ లోపలికి వెళ్లి అక్కడినుంచి నడుపుతున్నారని అర్థం. ప్యాకేజీ పేరు మొదలయ్యే చోటికి, అంటే అవుట్ ఫోల్డర్‌లోకి తిరిగి రావాలి, క్లాసు పేరుని ప్యాకేజీతో కలిపి ఇవ్వాలి.

అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ అని వచ్చినప్పుడు అందులో ఉన్న అంకెలు చూడండి. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. ల్యాప్‌టాప్‌లో 21తో కంపైల్ చేసిన క్లాసుల్ని 11 ఉన్న సర్వర్‌లో నడిపితే ఇదే వస్తుంది. జావాసీకి --రిలీజ్ 11 అని ఇస్తే సరి, జావా 9 నుంచి ఈ ఆప్షన్ ఉంది. ఒకే మెషీన్‌లో కూడా జావాసీ ఒక వెర్షన్‌ది, జావా ఇంకో వెర్షన్‌ది అయ్యుండొచ్చు, రెండింటికీ -వెర్షన్ కొట్టి చూసుకోవాలి.

ఎర్రర్లు ఇచ్చేవన్నీ ఒక రకంగా మనకి మేలు చేస్తున్నట్టే. ఏ ఎర్రరూ ఇవ్వకుండా తప్పు దారి పట్టించేది పాత క్లాస్ ఫైలు. ఒక టెస్టుని తీసేశారు, సోర్స్ ఫైల్ డిలీట్ చేశారు, అవుట్‌లో దాని క్లాస్ ఫైల్ అలాగే ఉంది, ఫోల్డర్ మొత్తం వెతికి నడిపే రన్నర్ దాన్ని కూడా నడుపుతూనే ఉంటుంది. లేదా కోడ్ మార్చి కంపైల్ చేశారు, కంపైల్ ఫెయిలైంది, ఆ మెసేజ్ పైకి వెళ్లిపోయింది, కింద నడిచిన టెస్టులు నిన్నటి క్లాసులతో పాసయ్యాయి. రెండు కమాండ్ల మధ్య సెమీకోలన్ పెడితే మొదటిది ఫెయిలైనా రెండోది నడుస్తుంది, && పెడితే నడవదు. స్క్రిప్టులో ఎప్పుడూ రెండోదే ఉండాలి, అవుట్ ఫోల్డర్‌ని ముందు తుడిచేయడం కూడా.

జేయూనిట్ 5 సెప్టెంబర్ 2017లో వచ్చింది. దానికి పాత జేయూనిట్‌కోర్ పనికిరాదు, కన్సోల్ స్టాండలోన్ అనే ఒకే పెద్ద జార్ ఇస్తారు, కావాల్సినవన్నీ అందులోనే ఉంటాయి. కంపైల్ చేసేటప్పుడు దాన్నే క్లాస్ పాత్‌లో పెట్టాలి, నడిపేటప్పుడు జావా -జార్ ఆ జార్ పేరు, ఎగ్జిక్యూట్, --క్లాస్-పాత్ అవుట్, --స్కాన్-క్లాస్-పాత్ అని ఇవ్వాలి. ఇక్కడ -సీపీ పెట్టేవాళ్లకి టెస్టులు దొరకవు, -జార్ వాడినప్పుడు జావా దాన్ని వదిలేస్తుందని పైన చెప్పుకున్నాం కదా, అందుకే ఈ లాంచర్ సొంతంగా --క్లాస్-పాత్ పెట్టుకుంది. ఫలితం చెట్టు కొమ్మల్లా విడివిడిగా కనపడుతుంది, చదవడానికి పాతదాని కన్నా చాలా హాయిగా ఉంటుంది.

అసలు చిక్కు జేయూనిట్ 4, 5 కలిసి ఉన్న ప్రాజెక్టుల్లో. బెంగళూరులో సర్వీస్ కంపెనీల ప్రాజెక్టుల్లో పదేళ్ల పాత కోడ్ మామూలు విషయం, సగం టెస్టులు 4లో, కొత్తవి 5లో ఉంటాయి. రెండింట్లోనూ టెస్టు మెథడ్ పైన @టెస్ట్ అనే ఉంటుంది, తేడా అంతా పైనున్న ఇంపోర్ట్ లైన్‌లో, ఒకటి ఓఆర్‌జీ.జేయూనిట్.టెస్ట్, రెండోది ఓఆర్‌జీ.జేయూనిట్.జూపిటర్.ఏపీఐ.టెస్ట్. ఐడీఈ ఆటోమేటిక్‌గా ఏదో ఒకటి ఇంపోర్ట్ చేసేస్తుంది, కంపైల్ అయిపోతుంది. జూపిటర్ (అంటే జేయూనిట్ 5) టెస్టుని జేయూనిట్‌కోర్‌తో నడిపితే నడపడానికి మెథడ్స్ లేవని ఫెయిల్ చేస్తుంది, మంచిదే. ఉల్టాగా జూపిటర్ ఇంజిన్ ఒక్కటే ఉన్నచోట పాత @టెస్ట్ రాస్తే ఆ మెథడ్‌ని అది టెస్టుగానే చూడదు. ఫెయిల్ కాదు, స్కిప్ అని కూడా రాదు, లెక్కలోనే ఉండదు. పాతవి కూడా నడవాలంటే వింటేజ్ ఇంజిన్ చేర్చాలి.

ప్రాజెక్టుని కంపైల్ చేసి టెస్టులు నడిపే మేవెన్ అనే టూల్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. మేవెన్‌లో టెస్టులు నడిపేది ష్యూర్‌ఫైర్ అనే ప్లగిన్. అది క్లాసు పేరు చూసి ఎంచుకుంటుంది, పేరు టెస్ట్‌తో మొదలవ్వాలి, లేదా టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ వీటిలో ఒకదానితో ముగియాలి. పీజీరెంట్‌చెక్ అని పేరు పెట్టి లోపల 20 టెస్టులు రాసినా, ఐడీఈలో రైట్ క్లిక్ కొడితే అన్నీ నడుస్తాయి, ఎంవీఎన్ టెస్ట్ కొడితే ఒక్కటీ నడవదు. పైగా జేయూనిట్ 5 టెస్టుల్ని ష్యూర్‌ఫైర్ నేరుగా అర్థం చేసుకోవడం 2.22.0 నుంచే, మేవెన్ సెట్టింగులుండే పామ్ ఫైల్‌లో వెర్షన్ రాయకపోతే మేవెన్ 3.8 దాకా తనంతట తాను తెచ్చుకునేది 2.12.4. అప్పుడు తెర మీద కనిపించేది టెస్ట్స్ రన్ సున్నా, దాని కింద బిల్డ్ సక్సెస్. పచ్చ అక్షరాల్లో. కొన్ని వందల లైన్ల లాగ్‌లో ఆ సున్నాని ఎవరు చూస్తారు? కోడ్ రివ్యూలో టెస్టులున్నాయా అని అడుగుతారు, ఉన్నాయి. నడిచాయా అని అడిగేవాళ్లు తక్కువ.

సున్నా టెస్టులు నడిస్తే ఏం చెయ్యాలి అన్నదాని మీద టూల్స్ మధ్య ఏకాభిప్రాయమే లేదు. పైథాన్‌లో యూనిట్‌టెస్ట్ డిస్కవర్ కొడితే టెస్ట్ అనే మాటతో మొదలయ్యే ఫైళ్లనే వెతుకుతుంది, ఏవీ దొరక్కపోతే 3.11 వరకు సున్నా టెస్టులు నడిచాయి, ఓకే అనేది, 3.12 నుంచి మాత్రం ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) 5 ఇచ్చి ఫెయిల్ చేస్తోంది. పైటెస్ట్ కూడా ఇలాంటప్పుడు 5 ఇస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో గూగుల్ టెస్ట్‌కి --జీటెస్ట్_ఫిల్టర్‌లో పేరు ఒక అక్షరం తప్పు రాస్తే సున్నా టెస్టులు పాసయ్యాయని చెప్పి మామూలుగా సక్సెస్‌తోనే బయటికొస్తుంది. గో టెస్ట్ ఏమో ఈ ప్యాకేజీలో టెస్టు ఫైళ్లు లేవని ఒక లైన్ రాసి ముందుకెళ్లిపోతుంది, పైగా కోడ్ మారకపోతే పాత ఫలితాన్నే క్యాష్‌లోంచి తీసి చూపిస్తుంది, నిజంగా మళ్లీ నడవాలంటే -కౌంట్=1 ఇవ్వాలి. జేయూనిట్ 5 కన్సోల్‌కి --ఫెయిల్-ఇఫ్-నో-టెస్ట్స్ అని అడిగితేనే ఫెయిల్ చేస్తుంది, అప్పుడు ఎగ్జిట్ కోడ్ 2. ష్యూర్‌ఫైర్‌లో కూడా ఫెయిల్‌ఇఫ్‌నోటెస్ట్స్ అనే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చెయ్యాలి. టెస్టులు ఉండి తీరాల్సిన మాడ్యూల్‌లో ఇది ఆఫ్‌లో ఉండటానికి ఒక్క మంచి కారణం కూడా లేదు.

ఈ ఎగ్జిట్ కోడ్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే టెస్టుల్ని తనంతట తానే నడిపే జెంకిన్స్‌కి గానీ అలాంటి ఇంకే సీఐ టూల్‌కి గానీ చుక్కలు, రంగులు, ఓకేలు అర్థం కావు. ప్రోగ్రామ్ బయటికొచ్చేటప్పుడు ఇచ్చే అంకె సున్నా అయితే పాస్, వేరే ఏదైనా ఫెయిల్, బిల్డ్ ఆపాలా వద్దా అనేది దాన్నిబట్టే. లైనక్స్‌లో కమాండ్ అవ్వగానే ఎకో $? కొడితే ఆ అంకె కనపడుతుంది. జేయూనిట్‌కోర్ అన్నీ పాసైతే 0, లేకపోతే 1 ఇస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. లాగ్ దాచుకోవాలని ఎవరో ఎంవీఎన్ టెస్ట్ తర్వాత పైప్ గుర్తు పెట్టి టీ కమాండ్‌కి పంపుతారు. ఇప్పుడు షెల్ చెప్పే ఎగ్జిట్ కోడ్ పైప్‌లో చివరి కమాండ్‌ది, అంటే టీ ది. ఫైల్‌లోకి లాగ్ రాయడం టీ పని, అది బ్రహ్మాండంగా చేసింది, సున్నా ఇచ్చింది, వెనకాల 40 టెస్టులు ఫెయిలైనా బిల్డ్ పచ్చగా ఉంటుంది. బ్యాష్‌లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ అని స్క్రిప్ట్ పైన ఒక లైన్ రాస్తే ఈ సమస్య తీరుతుంది. అయితే జెంకిన్స్‌లో ఎస్‌హెచ్ స్టెప్ మామూలుగా వాడేది సిస్టమ్‌లోని ఎస్‌హెచ్‌ని, ఉబుంటులో అది బ్యాష్ కాదు, డ్యాష్ అనే చిన్న షెల్, చాలాకాలంగా వాడుకలో ఉన్న దాని వెర్షన్లకి పైప్‌ఫెయిల్ తెలియదు, కాబట్టి స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బ్యాష్ కావాలని రాయాల్సి వస్తుంది.

రిలీజ్ ముందురోజు రాత్రి ఒత్తిడిలో టెస్టు కమాండ్ వెనకాల || ట్రూ (ఫెయిలైనా సక్సెస్ అనే చెప్పించే ముక్క) అని తగిలించడం కూడా జరుగుతుంటుంది, రేపు తీసేద్దాంలే అని. ఆ రేపు రాదు. కొత్త సీఐ జాబ్ పెట్టినప్పుడు ఎవరైనా చెయ్యాల్సిన మొదటి పని, ఒక టెస్టులో 4500 బదులు 4501 అని కావాలనే తప్పు రాసి పంపడం. ఎర్రగా రావాలి. రాకపోతే ఆ జాబ్ ఇచ్చే పచ్చ రంగుని నమ్మొద్దు.

మేవెన్‌లో ఒకే టెస్టు నడపాలంటే ఎంవీఎన్ -డీటెస్ట్=పీజీరెంట్‌టెస్ట్ టెస్ట్, అందులో ఒకే మెథడ్ కావాలంటే క్లాసు పేరు పక్కన # పెట్టి మెథడ్ పేరు. మేవెన్ లాంటిదే ఇంకో టూల్ గ్రేడిల్‌లో --టెస్ట్స్. మేవెన్‌లో -డీస్కిప్‌టెస్ట్స్ అంటే టెస్టులు కంపైల్ అవుతాయి, నడవవు, -డీమేవెన్.టెస్ట్.స్కిప్=ట్రూ అంటే కంపైల్ కూడా అవ్వవు, రెండోది అలవాటైతే టెస్టు కోడ్ ఎప్పుడు విరిగిపోయిందో కూడా తెలియకుండా పోతుంది. గ్రేడిల్ మాత్రం ఏమీ మారకపోతే అప్-టు-డేట్ అని రాసి టెస్టులు మళ్లీ నడపదు, ఇది తప్పేమీ కాదు, తెలిసుంటే చాలు.

ఇక ల్యాప్‌టాప్‌లో పాసై సర్వర్‌లో ఫెయిలయ్యేవి. తెలుగు అక్షరాలున్న టెస్టులు ఇందులో మనవాళ్లకి ప్రత్యేకంగా తగులుతాయి. రసీదు మీద పేరు తెలుగులో రావాలని "తెలుగు" అనే మాట పొడవు 6 అని టెస్టు రాశారనుకోండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఆరు కోడ్ పాయింట్లు (యూనికోడ్ గుర్తులు), సరిగ్గానే ఉంది. అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. విండోస్‌లో జావా 17 లేదా అంతకన్నా పాతది ఉంటే జావాసీ ఆ ఫైల్‌ని విండోస్ సొంత ఎన్‌కోడింగ్‌లో చదువుతుంది, ఒక్కో బైట్‌ని ఒక్కో అక్షరం అనుకుంటుంది, ఆరు కాస్తా పద్దెనిమిది అవుతుంది, లేదా ఫలానా బైట్‌ని గుర్తుపట్టలేనని కంపైల్ దగ్గరే ఆగుతుంది. జావా 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్. పాత వెర్షన్లలో -ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని జావాసీకి చెప్పి తీరాలి. ఫైలు పేర్లలో పెద్ద బడి చిన్న బడి (క్యాపిటల్, స్మాల్ అక్షరాల) తేడా కూడా ఇలాంటిదే, విండోస్ పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది.

టైమ్ జోన్ ఇంకా తెలివైన శత్రువు. మన సమయం యూటీసీ (ప్రపంచమంతా కొలతగా వాడే సమయం) కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. బెంగళూరులో ల్యాప్‌టాప్ మన సమయంలో ఉంటుంది, సీఐ సర్వర్ చాలావరకు యూటీసీలో ఉంటుంది. పీజీరెంట్ క్లాసు ఈ రోజు తేదీని లోకల్‌డేట్.నౌ అని తీసుకుంటోంది, టెస్టు మాత్రం ఏషియా/కోల్‌కతా జోన్‌లో తేదీ చూసుకుని దాంతో పోలుస్తోంది. ల్యాప్‌టాప్‌లో రెండూ ఎప్పుడూ ఒకటే. సర్వర్‌లో పగలంతా ఒకటే. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 వరకు మాత్రం మనకి తేదీ మారిపోయి ఉంటుంది, సర్వర్‌కి ఇంకా నిన్నే. నైట్లీ బిల్డ్ రాత్రి 2 గంటలకి నడుస్తుంది, ఎర్రగా వస్తుంది, పొద్దున్న పదింటికి ఆఫీసుకొచ్చినవాళ్లు మళ్లీ నడిపితే పచ్చగా వస్తుంది, "అప్పుడప్పుడూ ఫెయిలయ్యే టెస్టు, వదిలెయ్" అని ముద్ర వేసేస్తారు. నిజానికి ఆ టెస్టు చూపిస్తున్నది అసలు తప్పునే: అదే సర్వర్ మీద, ఒకటో తేదీ తెల్లవారుజామున బిల్లు తీస్తే అది పోయిన నెల లెక్కలోకి వెళ్తుంది.

దీన్ని ల్యాప్‌టాప్‌లోనే పట్టుకోవాలంటే రాత్రి 2 వరకు మేలుకొని ఉండక్కర్లేదు. జోన్ మార్చి నడపడం చాలా తేలిక, జావా కమాండ్‌కి -డీయూజర్.టైమ్‌జోన్=యూటీసీ ఇవ్వాలి, మేవెన్ అయితే టెస్టుల కోసం వేరే జేవీఎం (జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) పుడుతుంది కాబట్టి అదే మాటని ఆర్గ్‌లైన్ అనే సెట్టింగ్ ద్వారా పంపాలి, లైనక్స్‌లో కమాండ్ ముందు టీజెడ్=యూటీసీ అని పెట్టినా నడుస్తుంది. కానీ పగటిపూట యూటీసీలో నడిపినా తేదీలు కలిసే ఉంటాయి, తప్పు బయటపడదు. అందుకని జోన్‌తో పాటు సమయం కూడా మన చేతిలో ఉండాలి. జావా 8లో వచ్చిన క్లాక్ అనే క్లాసు దీనికే. పీజీరెంట్ తేదీని నేరుగా సిస్టమ్‌ని అడగకుండా, కన్‌స్ట్రక్టర్‌లో తీసుకున్న క్లాక్‌ని, మన జోన్‌తో అడగాలి. టెస్టులో క్లాక్.ఫిక్స్‌డ్‌తో ఒకటో తేదీ తెల్లవారుజామున 2 గంటలు అని గడియారాన్ని ఆపి, ఏ నెల బిల్లు వస్తుందో చూడాలి. అప్పుడు ఆ టెస్టు ఏ మెషీన్‌లో, ఏ వేళలో నడిపినా ఒకే జవాబు ఇస్తుంది.